రెండో కుప్ప

ఆ వానాకాలం మా ఇంట్లో మొదటి గొడవ ఒక మూత గురించి.

"నా పెద్ద జాడీ మూత ఎవరు తీశారు?" అని అత్తగారు పొద్దున్నే వరండాలో నిలబడి అడిగారు. ఊరికే అడగలేదు. వీధి చివర పాలు పోసే మనిషికి కూడా తననే అంటున్నారేమోనన్న అనుమానం వచ్చేలా అడిగారు.

వదిన పెరట్లోంచి చేతులు దులుపుకుంటూ వచ్చింది. "నేనే తీశానమ్మా. డ్రమ్ముకి అచ్చంగా సరిపోయింది. వాన పడేలా ఉంటే కప్పాను."

"ఏ డ్రమ్ము? ఆ కుళ్ళు డ్రమ్మా? ఊరగాయ జాడీ మూత తీసుకెళ్ళి కుళ్ళు మీద పెట్టావా?"

"కుళ్ళు కాదమ్మా. మాగబెడుతున్నాను."

"పేరు మారిస్తే కంపు మారుతుందా?"

"నీ జాడీలో ముక్కలు ఊరుతున్నాయంటావు. కుళ్ళుతున్నాయంటే ఊరుకుంటావా?"

అత్తగారు ఇంతెత్తున లేచారు. కుళ్ళాయనడం కన్నా పెద్ద తిట్టు ఆవిడకి లేదు. మా ఆయన చెప్పులు వేసుకుంటూ, "ఒక్క మూత కోసం ఇల్లు పీకి పందిరేస్తారేంటి? కొత్తది కొనుక్కోండి" అన్నారు. దాంతో తల్లీకూతుళ్ళు ఒక్కటైపోయి ఆయన మీద పడ్డారు.

"అది నా చేతికి అలవాటైన మూతరా. గాలి ఎంత వదలాలో దానికి తెలుసు."

"మూతకి తెలుసా?"

"నీకు తెలియనివి చాలా తెలుసు."

ఆయన నవ్వు ఆపుకుంటూ పొలానికి వెళ్ళిపోయారు. వదిన మూత కడిగి, ఎండబెట్టి, తల్లికి రెండు చేతులతో అప్పగించింది. అత్తగారు దాన్ని వాసన చూసి, మళ్ళీ కడిగారు.

అత్తగారిది ఊరగాయల వ్యాపారం. ఇంటి పక్కనే ఒక రేకుల గది, అందులో వరసగా జాడీలు. దోసకాయలు, క్యారెట్లు, నిమ్మకాయలు, మిరపకాయలు, ఏ కాలంలో దొరికినవి ఆ కాలంలో ఉప్పునీళ్ళలో పడేవి. దుకాణాలవాళ్ళు వచ్చి పట్టుకెళ్ళేవారు. వీధిలో ఆవిడ పేరు ఊరగాయలమ్మ. "ఈ ఇంట్లో ఏదీ కుళ్ళదు" అని ఆవిడ గొప్పగా చెప్పుకునే మాట. నిజంగానే కుళ్ళేది కాదు. వాడిపోబోయే కాయ ఏదైనా ఆవిడ కంట పడితే సాయంత్రానికి జాడీలో ఉండేది.

ఆ అలవాటే ఒకసారి కొంప ముంచింది. మా ఆయన విత్తనానికని పొలంలో దోసకాయల్ని తీగ మీదే పండనిచ్చారు. పండిపోయి పాడవుతున్నాయని అత్తగారు వాటిని కోసుకొచ్చి ఉప్పులో వేసేశారు. మా ఆయన అరవలేదు. ఆయనకి కోపమొస్తే అరుపు రాదు, మాట పోతుంది. ఆ పంట కాలం మొత్తం తల్లితో ఒక్క మాట మాట్లాడలేదు. ఆవిడ పెట్టింది తినేవారు, లేచి వెళ్ళిపోయేవారు. "ఉప్పు సరిపోయిందా నాయనా?" అని ఆవిడ రోజూ అడిగేవారు, గోడని అడిగినట్టు. ఆ కోత అయ్యేసరికి అత్తగారు సగమైపోయారు. ఆవిడ గాజులు మోచేతి దాకా జారడం నేను చూశాను. కొత్తగా కాపురానికి వచ్చిన రోజులవి. ఈ ఇంట్లో దేనికి భయపడాలో అప్పుడే నేర్చుకున్నాను.

వదిన మా ఆయనకి అక్క. ఆసుపత్రి కాంటీన్‌లో వంట మొత్తం ఆవిడ చేతి కిందే నడిచేది. పెళ్ళి చేసుకోలేదు. ఎవరైనా అడిగితే, "రోజూ ఇన్ని వందల మందికి వండి పెడుతున్నాను, ఇంకొకడికి కూడానా?" అనేది. కాంటీన్‌లో ఆవిడని బాధపెట్టేది ఒకటే: తిరిగొచ్చే కంచాలు. "జ్వరం వచ్చినవాళ్ళు తినలేరు. పక్కన కూర్చున్నవాళ్ళకి తినబుద్ధి కాదు. నేను వండిందంతా సాయంత్రం మున్సిపాలిటీ బండెక్కి పోతుంది. నా ఉద్యోగమంతా ఆ బండి కోసమే చేశాననిపిస్తుంది పిల్లా" అని ఒకసారి నాతో అంది.

ఇక పొలం. రోడ్డుకి అవతల, ఇంటి మేడ మీంచి కనిపించేంత దూరంలో. టమాటా పొలం. కొన్నేళ్ళుగా దానికి వడలు తెగులు పట్టుకుంది. పొద్దున నిక్కి నిలబడ్డ మొక్క మధ్యాహ్నానికి తల వాల్చేస్తుంది, సాయంత్రం కాస్త లేచినట్టే లేస్తుంది, నాలుగో పూటకి ఇక లేవదు. ఏ మందు కొట్టినా ఆ ఏటికి కాస్త తగ్గి మరుసటి ఏడు రెట్టింపు వచ్చేది. మన్ను కూడా మారిపోయింది. ఎండితే ఇటుక, తడిస్తే జిగురు. అదే సమయానికి రోడ్డు వెడల్పయింది, ఒక గోదాముల మనిషి మా గుమ్మం ఎక్కాడు. నేల చదును చేసి, సిమెంటు పోసి, గోదాము కట్టుకుంటాడు. చాలా ఏళ్ళకి లీజు రాసిమ్మన్నాడు. మా ఆయన కాదనలేదు, అవుననలేదు. ఆయన నీళ్ళు నమలడం చూసి వదిన ముందుకొచ్చింది.

"ఒక్క పంట ఆగు. అవతలి సగం నాకివ్వు. మా కాంటీన్ చెత్తతో ఎరువు చేస్తాను. నేలలో ఉన్న చెడ్డ బూజుని చంపేది మందు కాదురా, మంచి బూజు. సరిగ్గా మాగిన ఎరువు వేస్తే ఆ తెగులుకి నిలబడే చోటుండదు. మన్ను కూడా గుల్లబారుతుంది."

"ఇవన్నీ ఎవరు చెప్పారక్కా?"

"ఆసుపత్రి తోటలో చేసి చూశాను. గులాబీలు చచ్చిపోతున్న చోట వేశాను. వెళ్ళి చూడు."

"గులాబీలు వేరు, టమాటా వేరు."

"వేరే. అందుకే సగం అడుగుతున్నాను, మొత్తం కాదు. నా సగం నిలబడితే పొలం ఉంచుదాం. ఉద్యోగం అయిపోయాక నాకూ ఒక పని ఉంటుంది. నిలబడకపోతే ఇచ్చెయ్యి. మళ్ళీ అడగను."

మా ఆయన తలూపారు. అలా మా పెరట్లోకి డ్రమ్ములు వచ్చాయి.

*

మొదటి కుప్పని నేను మర్చిపోలేను. నేను డిగ్రీలో వృక్షశాస్త్రం చదివాను. పెళ్ళయ్యాక ఆ చదువు పాలు తోడుపెట్టడానికి తప్ప దేనికీ పనికిరాలేదు. అందుకని ఆ పెరటి పని నాకు పండగలా ఉండేది.

పెరటి గోడ పక్కన పాత చెక్కలతో నడుమెత్తు గూడు కట్టాం. కాంటీన్ బండి రోజూ డ్రమ్ము దింపి ఖాళీది తీసుకెళ్ళేది. కూరగాయల తొక్కలు, కాడలు, గుడ్ల పెంకులు, కాఫీ పిప్పి, గిన్నెల అడుగున మిగిలిన అన్నం. వండిన కూర ఏదైనా ఉంటే వదిన దాన్ని బుట్టలో పోసి కుళాయి కింద కడిగి మరీ వేసేది. "ఉప్పూ నూనే పోవాలి. లేకపోతే పురుగులు కూడా ముట్టుకోవు" అనేది.

అత్తగారు అది చూసి ముక్కున వేలేసుకునేవారు. "ఎంగిలికి స్నానం చేయిస్తోంది మహాతల్లి. రేపు పౌడరు రాస్తుందేమో."

ఒక పొర తొక్కలు, ఒక పొర ఎండుటాకులు, మళ్ళీ తొక్కలు. కొన్నాళ్ళకి కుప్ప వేడెక్కింది. పొద్దున్నే పార పెట్టి తిరగేస్తే పొగలాంటి ఆవిరి లేచేది. వదిన నా చెయ్యి పట్టుకుని లోపల పెట్టించింది. చురుక్కుమంది.

"జ్వరం వచ్చినట్టుంది వదినా!"

"రావాలి. ఈ జ్వరంలోనే రోగాలన్నీ చస్తాయి. తర్వాత చల్లబడుతుంది. చల్లబడగానే అయిపోయిందనుకోకూడదు. చెయ్యి అబద్ధం చెబుతుంది, ముక్కు చెప్పదు. మొదటి వానకి తడిసిన మన్ను వాసన రావాలి. అప్పుడు మాగినట్టు."

ఆ కుప్ప మాగిన రోజున వదిన గుప్పెడు తీసి తల్లి ముక్కు దగ్గర పెట్టింది. అత్తగారు భయపడుతూనే పీల్చారు. ఆవిడ ముఖం మారిపోయింది.

"ఇది... ఆ చెత్తేనా?"

"ఆ చెత్తే."

"మన్ను వాసనొస్తోందే!"

"మరేమనుకున్నావు?"

"ఆహా" అన్నారు అత్తగారు.  ఆ రోజు నుంచి తన గదిలో తరిగిన తొక్కలు కూడా ఆవిడే స్వయంగా తెచ్చి గూట్లో వేసేవారు. నేను చూస్తే మాత్రం, "దారిలో ఉంది కదా అని" అనేవారు.

ఆ ఎరువు నల్లగా, పొడిపొడిగా, అవతలి సగంలో కాలువగట్టు వైపు సాళ్ళకి వచ్చింది. మిగతా సాళ్ళకి ఇంకో కుప్ప కావాలి.

*

రెండో కుప్ప వేసే రోజుల్లో వాన పట్టుకుంది. ఎండుటాకులన్నీ తడిసి ముద్దయ్యాయి. ఊళ్ళో జ్వరాలు మొదలై ఆసుపత్రి నిండిపోయింది, వదినకి ఇంటికి రావడానికే తీరేది కాదు. వారానికోసారి వచ్చి, చెప్పాల్సినవి గబగబా చెప్పి వెళ్ళిపోయేది. తిరగేసే పని నాది. కానీ ఆ తడికి పార దిగితే పైకొచ్చేది కాదు. కుప్ప వేడెక్కే బదులు పుల్లటి కంపు కొట్టడం మొదలైంది.

గోడ అవతల దర్జీ దుకాణం. ఒక ఉదయం దర్జీ టేపు మెళ్ళో వేసుకునే మా గుమ్మంలోకి వచ్చాడు.

"అమ్మా, గాలికి పోయే కంపని తగిలించుకోవడం అనే సామెత విన్నాను. మీది గాలికొచ్చే కంపమ్మా! కొలతలకి వచ్చినవాళ్ళు ఊపిరి బిగబట్టి నిలబడుతున్నారు. అలా కొలిస్తే చొక్కాలు బిగుతవుతున్నాయి."

నాకు నవ్వొచ్చింది. అత్తగారికి రాలేదు. ఆవిడ అరుగు మీద అప్పుడే ఒక దుకాణం మనిషి ఊరగాయలకి వచ్చి ఉన్నాడు. అతను జేబురుమాలు ముక్కుకి అడ్డం పెట్టుకుని, "ఇది మీ గదిలోంచి కాదు కదండీ?" అని అడిగాడు. మర్యాదగానే అడిగాడు. అత్తగారు "ఛ, ఛ" అన్నారు. అతను వెళ్ళిపోయాక చాలాసేపు జాడీల మూతలన్నీ ఒక్కొక్కటే తీసి వాసన చూస్తూ కూర్చున్నారు.

"కుప్పని మూసేద్దామా అత్తయ్యా, వదిన వచ్చేదాకా?" అన్నాను.

"వద్దులే. అదంత ఆశ పెట్టుకుంది. తన పొలం, తన పిచ్చి. ఏదో ఒకటి చూద్దాం."

నాలుగైదు రోజుల్లో కంపు తగ్గింది. వారం తిరిగేసరికి పూర్తిగా పోయింది. దర్జీ గోడ మీంచి తొంగి చూసి, "ఏం మంత్రం వేశారమ్మా?" అన్నాడు. అత్తగారు నవ్వి ఊరుకున్నారు. వాన కాస్త తెరిపివ్వడం వల్ల అనుకున్నాను నేను.

వదిన వచ్చేసరికి నారు ముదిరిపోతోంది. మా ఆయన గట్టు మీద కూలీలని నిలబెట్టి ఇంటికొచ్చారు.

"అక్కా, ఇవాళ నాటకపోతే ఇక నాటక్కర్లేదు. నీ ఎరువు అయిందా లేదా?"

వదిన రెండు రాత్రులు నిద్ర లేని కళ్ళతో గూటి ముందు కూర్చుంది. చెయ్యి లోపల పెట్టింది. చల్లగా ఉంది. వాసన చూసింది. కంపు లేదు.

"తొక్కలింకా తొక్కల్లానే ఉన్నాయి వదినా" అన్నాను. ఒక క్యారెట్ తొక్క తీసి చూపించాను. రంగు కూడా పోలేదు.

"గట్టి తొక్కలు కదూ, నేలలో కరుగుతాయిలే" అంది. మళ్ళీ ఒకసారి గుప్పెడు తీసి ముక్కు దగ్గర పెట్టుకుంది. కంపు లేదు సరే, మన్ను వాసన కూడా లేదు. ఆ క్షణంలో ఆవిడ కనుబొమలు దగ్గరకి రావడం చూశాను.

"అక్కా!" అని బయట నుంచి ఆయన.

"వేసెయ్యండి" అంది వదిన.

*

కొన్నాళ్ళు పొలమంతా ఒకే పచ్చగా ఉంది. వదిన సెలవు దొరికినప్పుడల్లా గట్టు మీద నడుస్తూ మొక్కల్ని పిల్లల్ని పలకరించినట్టు పలకరించేది. తర్వాత ఎండలు ముదిరాయి.

ముందు మా ఆయన సగంలో మొక్కలు తలలు వాల్చాయి. అది అందరం ఎదురు చూసిందే. వదిన పాపం తమ్ముడి ముందు సంతోషం కనబడనివ్వకుండా ముఖం పక్కకి తిప్పుకునేది. వారం తిరక్కుండా ఆవిడ సాళ్ళు కూడా మొదలుపెట్టాయి. నీళ్ళు పెట్టినా వాలిపోతున్నాయి. పెట్టిన కొద్దీ వాలిపోతున్నాయి.

మా ఆయన సాళ్ళ మధ్య నిలబడి ఒక మొక్కని వేళ్ళతో సహా పెరికారు. "అయిపోయింది" అన్నారు. అంతే. ఇంటికొచ్చేదాకా మళ్ళీ మాట లేదు. గుమ్మంలో కాళ్ళు కడుక్కుంటూ మాత్రం, "ఇది తెగులు చేసిన పనైతే తెగులుని తిట్టుకుంటాను. మనిషి చేసిన పనైతే మాత్రం ఆ మనిషి ముఖం చూడను" అన్నారు. ఎవరితో అన్నారో తెలియదు. అత్తగారు లోపల అన్నం వారుస్తున్నారు.

నాకు మాత్రం ఏదో పొసగలేదు. మర్నాడు మధ్యాహ్నం గొడుగేసుకుని పొలానికి వెళ్ళాను. మా ఆయన సగంలో ఒక మొక్క కాండం కోసి చూశాను. లోపల గోధుమరంగు గీత, తెగులు గుర్తు. వదిన సాళ్ళలో కోశాను. తెల్లగా, శుభ్రంగా ఉంది. ఆకుల అంచులు మాత్రం సెగ తగిలిన కాగితంలా మాడి ఉన్నాయి. తెగులు అలా అంచుల్ని మాడ్చదు. అక్కడి నుంచి కాలువగట్టు వైపు నడిచాను. మొదటి కుప్ప వేసిన సాళ్ళు. అక్కడ ఒక్క ఆకు వాలలేదు. పక్క సాలు చచ్చిపోతుంటే వాటికేమీ పట్టనట్టు కాయలు బరువుగా వేలాడుతున్నాయి. మన్ను వేలితో తీస్తే కేకు ముక్కలా విడిపోయింది, అందులోంచి ఒక వానపాము జారుకుంది.

వదినకి ఫోను చేశాను. చెప్పిందంతా విని, "తెగులు కాదంటావా?" అంది.

"కాదు వదినా. ఏదో కాలుతోంది."

"అయితే ఎరువులోనే ఉంది. ఏదో నేనే తప్పు చేశాను." ఫోనులో గిన్నెల చప్పుళ్ళు. "ఏం తప్పు చేశానో తెలిస్తే బావుండు పిల్లా. తెలిస్తే తమ్ముణ్ణి ఇంకో పంట అడగ్గలను. తెలియకుండా ఏ ముఖంతో అడగను?"

*

ఆ ఆదివారం సాయంత్రం గోదాముల మనిషి వస్తానన్నాడు. వదిన పొద్దున్నే వచ్చింది. అత్తగారికి క్యారెట్లు వచ్చిపడి ఉన్నాయి, ముగ్గురం రేకుల గదిలో కూర్చుని తరుగుతున్నాం. వదిన చెయ్యి తరుగుతోంది గానీ మనసు అక్కడ లేదు. అత్తగారు కూతురి ముఖం చూసి చూసి, ఉండబట్టలేక అన్నారు.

"అంత దిగులెందుకే? నీ వంతు నువ్వు చేశావు. నా వంతు నేనూ చేశాను. కలిసిరాలేదు."

"నువ్వేం చేశావమ్మా?" అంది వదిన, ఊరికే మాట కలిపినట్టు.

"చెయ్యలేదేంటి? నువ్వు ఆసుపత్రిలో ఉంటే నీ కుప్పని చూసుకున్నదెవరు? ఆ దర్జీ వచ్చి నానా మాటలన్న రోజు నుంచి రోజూ దోసెడు రాళ్ళుప్పు చల్లాను. వాసన ఎలా ఆగిందనుకున్నావు మరి?"

వదిన కత్తి ఆగింది. నేను తలెత్తలేదు.

"రోజూనా అమ్మా?"

"రోజూ. వాన పడ్డ రోజు ఇంకో దోసెడు. సంచి ఇట్టే అయిపోయింది, కొత్తది తెప్పించాను." అత్తగారు క్యారెట్ చివర తుంచి పక్కన పడేశారు. "ఉప్పు తగిలితే ఏదైనా ఆగుతుంది. తమ్ముడు చల్లే సంచి ఎరువు కూడా తెల్లగా ఉప్పులాగే ఉంటుందిగా, మొక్కకీ మంచిదే అనుకున్నాను." ఆవిడ చేతిలో పని ఆపి మా ఇద్దరి వైపు చూశారు. "ఏమే? తప్పా?"

"తప్పేంటమ్మా" అంది వదిన. "వాసన ఆగిందిగా."

తర్వాత మిగిలిన క్యారెట్లన్నీ తరిగేసింది. ముక్కలన్నీ ఒకే మందంలో ఉన్నాయి.

కుళాయి దగ్గర చేతులు కడుక్కుంటుంటే నేను పక్కకి చేరాను. "చెప్పేద్దాం వదినా. కారణం దొరికిందిగా. మీ పద్ధతిలో తప్పు లేదని తేలిపోయింది. ఆ కాలువగట్టు సాళ్ళే సాక్ష్యం."

"కారణం చెబితే, ఎవరని అడుగుతాడు."

"అత్తయ్య కావాలని చేశారా? మీ కోసం చేశారు."

"దోసకాయలు కూడా వాడి కోసమే ఊరేసింది." కుళాయి కట్టేసింది. "అప్పుడు అమ్మకి ఓపికుంది పిల్లా. ఇప్పుడు ఇంకో పంట కాలం వాడు మాట్లాడకపోతే తట్టుకుంటుందా?"

"మరి పొలం?"

ఆవిడ రోడ్డు వైపు చూసింది. అక్కణ్ణుంచి పొలం కనిపించదు, దర్జీ గోడ అడ్డం. "ఆగమని అడుగుతాను. అమ్మ పేరు రాకుండా ఏదో ఒకటి చెబుతాను. రోజూ రోగులకి ఉప్పు లేని కూర బావుందని చెప్పి తినిపిస్తాను, ఆమాత్రం చెప్పలేనా?"

*

మధ్యాహ్నం భోజనాలకి కూర్చునే వేళకి మా ఆయన పొలం నుంచి ఒక బుట్టతో వచ్చారు. అందులో కాలువగట్టు సాళ్ళ టమాటాలు. ఎన్నాళ్ళకో ఆయన ముఖం తేటగా ఉంది. బుట్ట బల్ల మీద పెట్టి, ఒక కాయ తీసి అక్క చేతిలో పెట్టారు.

"బరువు చూడక్కా. నాన్న ఉన్నప్పుడు కూడా ఇలాంటి కాయ కొయ్యలేదు. మన్ను చేత్తో తవ్వితే వచ్చేస్తోంది. నీ మరదలు మొన్నటి నుంచి చెబుతోంది గానీ, ఇవాళ కళ్ళతో చూశాను."

అత్తగారు అన్నం వడ్డిస్తున్నారు. ఆయన కంచం ముందు కూర్చుని, చెయ్యి పెట్టకుండా అన్నారు. "ఒక్కటి చెప్పు చాలు. అవి నిలబడి, మిగతావి ఎందుకు మాడాయి? కారణం తెలిస్తే ఆ మనిషిని సాయంత్రం వెనక్కి పంపించేస్తాను. ఇంకో పంట ఏం ఖర్మ, మొత్తం పొలం నీ చేతికే ఇస్తాను. కారణం తెలియకుండా మాత్రం నేనింక ఆ నేలలో నారు పెట్టలేను."

ఆయన అంత మాట అంటారని మేము అనుకోలేదు. వదిన కాయని కంచం పక్కన పెట్టింది.

"ఆ రెండో కుప్పని నేనైతే..." అని అత్తగారు మొదలుపెట్టారు, గరిట చేత్తో పట్టుకునే.

"అమ్మా, కూర వడ్డించు. వాడి కంచం చూడు" అంది వదిన గభాలున. అత్తగారు కంగారుగా కూర గిన్నె అందుకున్నారు.

"చెప్పక్కా."

"మా కాంటీన్ నుంచే వచ్చిందిరా." ఆవిడ గొంతు మామూలుగానే ఉంది. "నేలలు తుడిచే మందు ఉంటుంది చూడు, ఆసుపత్రిలో. ఆ మందు నీళ్ళు డ్రమ్ముల్లో పడ్డాయి. జ్వరాల హడావిడిలో నేను చూసుకోలేదు."

మా ఆయన చెయ్యి కంచం అంచు మీద ఉండిపోయింది. "ఆసుపత్రి మందా? మనం తినే కాయలు కాసే నేలలోనా?"

"ఇకముందు పడదు. నేనే దగ్గరుండి..."

"నువ్వే దగ్గరుండగానే పడింది కదక్కా."

వదినకి అప్పుడు అర్థమైంది, తన నోటితో ఏం చేసిందో. నాకూ అర్థమైంది. తల్లిని తప్పించడానికి చెప్పిన మాట ఆ చెత్తనే విషం చేసి కూర్చోబెట్టింది.  చెప్పడానికి ఇక ఒక్కటే మిగిలింది, అది చెప్పేది కాదు. నేను గొంతు సవరించుకున్నాను.

"పిల్లా" అంది వదిన నా వైపు తిరిగి, "కాసిని మంచినీళ్ళు తెచ్చిపెడతావా?"

బల్ల మీద చెంబు ఉంది. చెంబు నిండా నీళ్ళున్నాయి. ఆవిడ చూపు నా మీంచి కదల్లేదు. నేను లేచి వంటింట్లోకి వెళ్ళాను.

బిందె మూత తీసి, గ్లాసు ముంచి, మళ్ళీ మూత పెట్టాను. అక్కడికి మాటలు వినిపిస్తున్నాయి.

"నేనప్పుడే అన్నాను" అంటున్నారు అత్తగారు, "బయటి చెత్త ఇంట్లోకి వద్దని. ఎవరు విన్నారు? పోనీలేవే, దిగులుపడకు. నీ మంచికే. ఈ వయసులో నీకు పొలం పనులెందుకు? ఇంకాస్త కూర వేసుకో."

"వెయ్యమ్మా" అంది వదిన.

గ్లాసు పట్టుకుని వచ్చేసరికి మా ఆయన అన్నం కలుపుతున్నారు. కోపం లేదు ముఖంలో. ఉంటే బావుండేది. ఆయన టమాటా బుట్టని కాలితో బల్ల కిందకి జరిపి, నేను కూర్చునేదాకా ఆగి, నాతో అన్నారు.

"సాయంత్రం ఆయన వస్తే కాగితాలు తెమ్మంటున్నాను. పొలం ఇచ్చేస్తున్నాం. నువ్వొచ్చే లోపే అక్కే ముందు సరేనంది."